కెప్టెన్ మావయ్య రీల్

గాలాల దుకాణంలో ఏడడుగుల రాడ్డు ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్న మేనకోడలి వైపు మావయ్య చూసిన చూపు ఎలా ఉందంటే, పిల్ల దువ్వెన పట్టుకుని అడవి నరకడానికి బయల్దేరినట్టు.

“పెట్టెయ్ అమ్మడూ, దాన్ని అక్కడ పెట్టెయ్. దోమలు తోలుకోవడానికి పనికొస్తుంది, సముద్రం మీదకి కాదు.”

దుకాణం ఆవిడ నొచ్చుకోలేదు. పడవల రేవు పక్కన ఇరవై ఏళ్లుగా రాడ్లూ రీళ్లూ అమ్ముతోంది, ఇరవై ఏళ్లుగా ఈయన్నీ వింటోంది. ఎదురుగా ఉన్న సెలూన్ బాబాయ్ అప్పటికే టీ గ్లాసుతో వచ్చి గుమ్మం పక్క బల్ల మీద చోటు చూసుకున్నాడు. కెప్టెన్ మావయ్య గొంతు సవరించుకున్నాడంటే ఆ వీధిలో గడ్డాలు సగంలో ఆగిపోవాల్సిందే.

కెప్టెన్ అంటే ఓడ నడిపిన కెప్టెన్ కాదు. ఒక పెద్ద ఆఫీసు భవనంలో ఇరవై ఆరేళ్లు లిఫ్టు నడిపాడు. పైకీ కిందకీ తప్ప పక్కకి కదలని ఉద్యోగం. ఆ కదలని దూరమంతా నోటితో తిరిగొచ్చాడు.

మేనకోడలు పంపుల మరమ్మతు షెడ్డులో మెకానిక్. రేపు తెల్లవారి ఐదింటికి, మొట్టమొదటిసారి, సముద్రం మీద చేపలు పట్టడానికి వెళ్తోంది. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే మాత్ర కన్నా ముందు మావయ్య సముద్రం కథే పడేది. అందుకే పడవలో రెండు సీట్లు చెప్పింది, ఒకటి తనకి, ఒకటి ఆయనకి. వారం నుంచి రమ్మని అడుగుతోంది. మోకాలన్నాడు. మబ్బన్నాడు. అత్తయ్య ఒక్కతీ ఉంటుందన్నాడు. అత్తయ్య లోపల్నుంచి “నాకేం, హాయిగా ఉంటాను” అంది. ఇవాళ ఆరింటిలోగా ఏ మాటా చెప్పకపోతే పడవతను ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. గోడ గడియారంలో ఐదుంబావు.

“సరే మావయ్యా, నువ్వే చెప్పు. ఏ రాడ్డు కొనాలి, ఏ రీల్ కొనాలి? రేపు నువ్వు పక్కన కూర్చుంటావా లేదా?”

రెండో ప్రశ్న ఆయన చెవిదాకా వెళ్లి, మర్యాదగా వెనక్కి తిరిగొచ్చింది.

“రాడ్డు సంగతి చెప్తా విను. నా మొదటి ట్రిప్పు. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, మామూలుగానే మొదలైంది. మూరెడు చేప తగిలింది, అంతే. ఎవడికైనా తగుల్తుంది. సరే కదా అని చుట్టుకుంటూ ఉన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“దాన్ని ఇంకోటి మింగింది,” అన్నాడు సెలూన్ బాబాయ్.

“ఆ పడవలో నువ్వున్నావా?”

“లేను. పోయినసారి చెప్పావుగా. రెండు మింగాయన్నావు.”

“నాకు సిగ్గెక్కువ, పోయినసారి తగ్గించి చెప్పా. మొత్తం ఐదు. ఒకదాన్ని ఒకటి, దాన్ని ఇంకోటి. ఇప్పుడు చెప్పు, నీ ఏడడుగుల పుల్ల ఏమయ్యేది? నాది పదహారడుగులు. వంగింది. వంగి వంగి, పడవ కింద నుంచి దూరి, వెనక నుంచి లేచి, దాని కొన వచ్చి నా వీపు గోకింది.”

“దురదున్న చోటేనా అన్నయ్యా?” అంది దుకాణం ఆవిడ.

“సరిగ్గా అక్కడే! మంచి రాడ్డుకి గుర్తు అదే, గుర్తుపెట్టుకో అమ్మడూ.”

అమ్మడు గుర్తుపెట్టుకుంటున్నది వేరే. బల్ల అంచున కూర్చుని ఆయన మాట్లాడుతున్నంతసేపూ మోకాలు ఆడుతోంది. నొప్పి ఉన్న మోకాలు అంత చురుగ్గా ఆడదు.

దుకాణం ఆవిడ అరచేతి అంత రీల్ ఒకటి తీసి ఆమె ముందు పెట్టింది. “ఇదిగో అమ్మాయీ, ముందున్న ఈ మర చూశావూ, ఇది బ్రేకు. పెద్ద చేప లాగితే కాస్త దారం వదలాలి. బిగించేస్తే పుటుక్కున తెగిపోతుంది.”

“వదలాలా!” కెప్టెన్ బల్ల మీద నుంచి లేచాడు. “నేను వదిలే మనిషినా? బిగించా. చేప లాగుతుంది, దారం రాదు, నేను వదలను, ఇంక పడవ పరిగెత్తక ఏం చేస్తుంది చెప్పు? లైట్‌హౌసు మా పక్క నుంచి మూడుసార్లు వెళ్లింది.”

“లైట్‌హౌసు వెళ్లిందా?”

“మేం గుండ్రంగా తిరుగుతున్నాం బాబూ, నువ్వు గడ్డాలు గీకే మనిషివి, నీకు అర్థం కాదు. ఆఖరికి దాని మీద జాలేసి మర ఒక్క చుట్టు వదులు చేశా. దారం పరిగెత్తింది చూడు, ఆ రాపిడికి రీల్ ఎర్రగా కాలిపోయింది. వేడి ఎందుకు దండగ చేయాలని దానిమీద గిన్నె పెట్టి నలుగురికి టీ కాచా.”

“నడిసముద్రంలో నీళ్లెక్కడివి?”

“చుట్టూ ఉన్నవి నీళ్లు కావా?”

“ఉప్పునీళ్లతో టీనా!”

“అందుకేగా, అప్పట్నుంచి రెండు చెంచాల పంచదార ఎక్కువ వేయించుకుంటున్నా.”

ముగ్గురూ నవ్వారు. మేనకోడలు కూడా, గడియారం చూస్తూనే. “ఐదున్నర దాటింది మావయ్యా. వస్తావా?”

“చేప ఇంకా పైకి రాలేదే, నేనెక్కడికి వస్తాను?” అని కసిరి, రెండు చేతులా లేని రాడ్డు పట్టుకుని వెనక్కి వాలాడు. “లాగాను. తల బయటికొచ్చేసరికి రేవులో నీళ్లు మోకాళ్ల దాకా దిగిపోయాయి. నడుం వచ్చేసరికి ఓడలన్నీ బురదలో పక్కకి ఒరిగి పడుకున్నాయి. వాటి కెప్టెన్లు ఒకటే ఏడుపు, బాబ్బాబూ వదిలెయ్, మా ఉద్యోగాలు పోతాయి అని. తోక ఇంకా లోపలే ఉంది! అప్పుడు ఆలోచించా. ఈ సముద్రం నా ఒక్కడిదా, పదిమందిదీనూ. కత్తి తీసి దారం కోసేశా. వెళ్లిన నీళ్లు ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఆ ఊపు ఇవాళ్టికీ తగ్గలేదు. రోజూ రెండుసార్లు పొంగుతుందా, దిగుతుందా? మీరేమో చంద్రుడి వల్ల అనుకుంటున్నారు.”

సెలూన్ బాబాయ్ ఒప్పుకున్నట్టుగా తల దించాడు. చంద్రుడి తరఫున మాట్లాడేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

“చంద్రుడికి సాక్ష్యం లేదు, నాకుంది,” అంటూ కెప్టెన్ చంకలోని గుడ్డసంచిలోంచి రీల్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. “ఇదే అది. రేపు ఇదే తీసుకెళ్లు అమ్మడూ. దీన్ని చూస్తే చేపలు లేచి నిలబడతాయి.”

“అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో!” అంది దుకాణం ఆవిడ. “సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగేవారేమో.”

“కడగడమా! ముప్పై ఏళ్లలో దీనికి మంచినీళ్ల చుక్క తగలనివ్వలేదు.”

మేనకోడలు రీల్ అందుకుంది. చేతులు ఊరుకోవు కదా, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పక్క మూత విప్పింది. స్క్రూ ఒక్క మాటకి లొంగింది. సముద్రపు నీళ్లు తోడిన పంపులు తన షెడ్డుకి రోజూ వస్తాయి. మూడు నెలలకే పచ్చటి తుప్పు పొక్కులు, సుత్తితో కొట్టినా కదలని మరలు. ఇక్కడ లోపల తేనె రంగు గ్రీజు, కంపెనీవాడు ఎలా పూశాడో అలాగే ఉంది. పిడి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా ఒలవలేదు.

ఆమెకి నవ్వొచ్చింది. చూసింది పైకి అంటే చిన్నబుచ్చుకుని ఇంటికెళ్లిపోతాడు. అనకపోతే రేపు తను ఒక్కతే వెళ్తుంది, ఈయన బల్ల మీద కూర్చుని ఆరో చేపని మింగిస్తుంటాడు. ఆరింటికి ఇంక పది నిమిషాలు.

“మంచినీళ్లు తగల్లేదన్నావు, ఒప్పుకుంటున్నా మావయ్యా,” అంది, మూత మెల్లగా బిగిస్తూ. “ఉప్పునీళ్లు కూడా తగల్లేదు.”

సెలూన్ బాబాయ్‌కి టీ ముక్కులోకి ఎక్కింది. కెప్టెన్ నోరు తెరిచాడు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగినట్టు, అందులోంచి ఏమీ బయటికి రాలేదు.

ఆమె చేతిలోని రీల్ పిడి మీద ప్లాస్టిక్ కాగితాన్ని గోటితో గీరుతూ అన్నాడు. “నీ వయసులో కొన్నా. నెల రోజులు ఎంచి ఎంచి కొన్నా. పొద్దున్నే రేవుకెళ్లా. గట్టు నుంచి పడవలోకి ఎక్కడానికి పలక వేస్తారు చూడు... దాని సందుల్లోంచి నీళ్లు కనిపించాయి.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఏమీ కాలేదు. కాళ్లు రాలేదు, అంతే.”

మేనకోడలు మొదటి ఏడడుగుల రాడ్డు పక్కన రెండోది కూడా పెట్టింది.

“అక్కా, ఇవి రెండూ కట్టండి. ఒకదానికి మీ రీల్, ఒకదానికి ఈ రీల్. దీనికి దారం మాత్రం కొత్తది చుట్టండి, ముప్పై ఏళ్ల దారం తుమ్మితే తెగుతుంది.” మావయ్య వైపు తిరిగింది. “పలక మీద నేను ముందు నడుస్తా. నువ్వు నా భుజం చూడు, నీళ్లు చూడకు.”

“నీకు భయం లేదా?”

“ఉంది. లేకపోతే రెండో సీటు ఎందుకు చెప్తాను?”

ఆయన లేచి వెళ్లిపోలేదు. ఆమెకి అది చాలు. ఫోన్ తీసి పడవతనికి చేసింది. “రెండు సీట్లూ మావే అన్నా. అవును, ఆయన వస్తున్నారు. లేదు, ఆయనకీ మొదటిసారే.”

ఆ మాటకి కెప్టెన్ ఛాతీ అలవాటుగా పొంగింది, చూపుడువేలు పైకి లేచింది. మళ్లీ దిగింది. ఫోన్ వైపు వంగి, మెల్లగా అన్నాడు.

“లైఫ్ జాకెట్లు రెండు పెట్టమను.”

“మనిషికొకటి ఎలాగూ ఇస్తారు మావయ్యా.”

“నీది నీకు ఇస్తారు,” అన్నాడు. “నేనడిగే రెండూ నాకే.”