కాబోయే భార్యకు పాసు లేదు

“మఫ్లరు ఇవ్వాలి. దగ్గు తగ్గిందో లేదో అడగాలి. కోటు గుండీలు ఎవరు కుడుతున్నారో చూడాలి. మంచం పక్కన నా ఫోటో ఉందో లేదో చూడాలి. గుమ్మం దగ్గర ఆడవాళ్ళ చెప్పులున్నాయేమో చూడాలి. ఇవీ నేను రాసిచ్చినవి. ఎన్ని చేశారు వదినా?”

(బెర్లిన్, 1963 క్రిస్మస్ మర్నాడు. గోడ లేచిన రెండేళ్ళ నాలుగు నెలలకు, తూర్పు వైపున్న బంధువులను ఒక్క రోజు చూసి రావడానికి పడమటి వైపు వాళ్ళకు పాసులు ఇచ్చారు. ఎర్నా నిన్న వెళ్ళి తమ్ముడు యోహెన్‌ను చూసి వచ్చింది. యోహెన్‌ను పెళ్ళాడవలసిన మార్లీస్ తెల్లవారేసరికి ఆమె వంటింట్లో ఉంది.)

“ముందు ఆ కోటు విప్పి కూర్చో మార్లీస్. కాఫీ పెడుతున్నాను.”

“కాఫీ తర్వాత. మఫ్లరు?”

“ఇచ్చాను. అప్పుడే మెడకి చుట్టుకున్నాడు.”

“నేను అల్లానని చెప్పారా?”

“పాలు ఎక్కువ పొయ్యనా?”

“వదినా, ఎవరు అల్లారని చెప్పారు?”

“ఇచ్చాను కదా అమ్మాయ్. వెచ్చగా ఉందన్నాడు.”

“దగ్గు?”

“ఉంది. ఆ బొగ్గు పొగలో ఎవరికి లేదు?”

“గుండీలు?”

“అన్నీ ఉన్నాయి.”

“ఎవరు కుట్టారు?”

“గుండీ మీద పేరు రాసి ఉంటుందా ఏమిటి?”

“దారం చెబుతుంది. నల్లకోటుకి నీలం దారమైతే మగాడు కుట్టుకున్నట్టు. నల్లదారమైతే...”

“నల్లదారమే.”

“అయితే ఆడది కుట్టింది.”

“కింది వాటాలో గిట్టా అని ఉందిలే. కుట్టుమిషను ఉంది ఆవిడకి. వీధిలో సగం గుండీలు ఆవిడే కుడుతుంది.”

“పేరు కూడా కనుక్కొని వచ్చారన్నమాట.”

“ఎదురుగా కూర్చుని భోంచేస్తుంటే పేరడక్కుండా ఎలా ఉంటానే?”

“భోజనానికి వచ్చిందా!”

“ఊరికే రాలేదు. ఎర్రక్యాబేజీ కూర తెచ్చింది.”

“కూర తెచ్చింది. మొగుడేడి?”

“గోడ కట్టడానికి వారం ముందు ఇటు పారిపోయి వచ్చాడట. వెళ్ళి సర్దుకుని పిలిపిస్తానన్నాడట. మళ్ళీ జాడ లేదు.”

“అంటే ఒంటరిది.”

“నేనలా అనలేదు.”

“ఎలా ఉంటుంది?”

“ఎలా ఉంటుంది, మామూలుగా. పళ్ళు కాస్త ఎత్తు.”

“నవ్విందన్నమాట.”

“అబ్బ, మార్లీస్!”

“నవ్వకపోతే పళ్ళెలా కనిపిస్తాయి? తనే నవ్వించాడా?”

“పండగ పూట నలుగురు కూర్చున్నచోట నవ్వరా?”

“మీరు ముగ్గురే. వదినా, పాసులిచ్చే ఆ బడి ముందు మంచులో తొమ్మిది గంటలు నిలబడ్డాను. మీకు మోకాళ్ళ నొప్పులని మీ చోటు నేను కాశాను. బల్ల దగ్గరికొచ్చాక ఆగలేక నాకూ ఒకటి ఇమ్మన్నాను. ‘ఏమవుతాడు?’ అన్నాడు అక్కడి గుమస్తా. చేసుకోబోయేవాడన్నాను. ‘కాబోయేది చుట్టరికం కాదు. తర్వాతెవరు?’ అన్నాడు. నా వెనకావిడకి ఇచ్చాడు. మేనత్తట, మేనల్లుడి మొహం గుర్తు లేదని తనే చెప్పింది. ఆవిడకుంది, నాకు లేదు. ఆ గిట్టాకి పాసే అక్కర్లేదు. పది మెట్లెక్కితే చాలు.”

“నీ బాధ నాకు తెలీదా?”

“తెలీదు. మీరు వెళ్ళొచ్చారు. తన కుర్చీలో కూర్చుని, తన చేతి వంట తిని వచ్చారు. మీ మీద కూడా నాకు కుళ్ళుగానే ఉంది. దాచుకోను.”

“ఏడువు. పడతాను.”

“ఫోటో?”

“ఉంది. మంచం పక్కనే ఉంది, నేను వెళ్ళేసరికి.”

“వెళ్ళేసరికి?”

“ఆఁ.”

“మీరు వచ్చేసేటప్పటికి?”

“పాలు పొంగుతున్నాయి, ఉండు...”

“పొంగనివ్వండి. వచ్చేసేటప్పటికి?”

“లేదు.”

“ఆవిడ తీయించిందా?”

“ఆవిడ అప్పటికింకా పైకి రానేలేదు. వాడే తీశాడు.”

“ఎందుకు?”

“నువ్వు ముందు కూర్చో.”

“కూర్చునే ఉన్నాను కదా! ఎందుకు తీశాడు?”

“నేను వెళ్ళగానే మంచం కిందనుంచి తాడు లాగి చూపించాడు. చివర ఇనప కొక్కెం. పనిచేసే షెడ్డులో దొంగచాటుగా చేసుకున్నాడట. కొత్త సంవత్సరం రాత్రి కాపలావాళ్ళు తాగి ఉంటారు, శ్మశానం పక్కనుంచి గోడ ఎక్కుతాను అన్నాడు.”

“నా కోసమా?”

“నీ కోసం కాక నా కోసమా? రెండేళ్ళు ఆగింది, ఇంక దాన్ని ఆగమనలేను అన్నాడు.”

“నిజంగా అలాగే అన్నాడా? ఇందాకట్నుంచీ ఈ మాట చెప్పకుండా గుండీలూ పళ్ళూ అంటారేమిటి!”

“గుండీలు అడిగింది నువ్వు. మార్లీస్, గోడ దాటబోయినవాడి మీద శ్మశానం వైపు తుపాకులు మోగిన రాత్రి నువ్వూ నేనూ ఇదే కిటికీ దగ్గర నిలబడ్డాం. మర్నాడు నువ్వు అన్నం ముట్టలేదు.”

“తనకేం చెప్పారు మీరు?”

“వద్దన్నాను. ఏడ్చాను. నవ్వాడు.”

“ఏం చెప్పారు వదినా?”

“నీకు పెళ్ళయిపోయిందని చెప్పాను.”

“నాకా? ఎవరితో?”

“వసంతంలో అయిందన్నాను. రొట్టెల కొట్టతనితో. నమ్మడేమోనని కడుపుతో ఉన్నావని కూడా చెప్పాను. మఫ్లరు నేనే అల్లానన్నాను.”

“నమ్మాడా?”

“ఫోటో తీసి సొరుగులో పెట్టాడు. తాడు ముక్కలు కోసి పొయ్యిలో వేశాడు. తర్వాత తనే కిందికి వెళ్ళి గిట్టాని భోజనానికి పిలుచుకొచ్చాడు.”

“తనే వెళ్ళి పిలిచాడా?”

“తనే.”

“అప్పటిదాకా ఆవిడ వచ్చేది కాదా?”

“గుండీలు కుట్టి గుమ్మంలో ఇచ్చి వెళ్ళేదట.”

“అయితే ఆవిణ్ణి ఆ బల్ల ముందు కూర్చోబెట్టింది మీరు.”

“నేనే.”

“కాగితం ఇవ్వండి. అంతా అబద్ధమని ఇవాళే ఉత్తరం రాస్తాను. కొత్త సంవత్సరానికి ఇంకా అయిదు రోజులుంది.”

“అయిదు రోజులుంది. మరి తాడు?”

“తాడుకేం, ఇంకోటి దొరుకుతుంది. దాని ఎదురుగా కూర్చుని నవ్వుతూ బతికేకన్నా...”

“బతికేకన్నా? చెప్పు మార్లీస్. బతికేకన్నా ఏమిటి?”

“కాగితం ఇవ్వండి అన్నాను.”

“ఇదిగో కాగితం. ఇదిగో కలం. రాయి, నేను ఆపను. రాసేటప్పుడు మాత్రం ఆ గిట్టాని కాదు, వాణ్ణి గుర్తుంచుకో.”