ఇంటికి నాలుగో బేరం

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. రాత నెమ్మది, తప్పులూ దొర్లుతాయి. సర్దుకుని చదవండి.

నూజివీడులో భర్త పోయిన ఒకావిడ ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఆ డబ్బుతో చెల్లెలి పక్కన రెండు గదుల ఇల్లు కొనుక్కోవాలని ఆమె ఆశ. ఆ ఉదయం మూడో బేరగాడు ఇల్లు చూసి వెళ్ళగానే బ్రోకరు అరుగు మీద చతికిలబడ్డాడు.

"విన్నారుగా పిన్నిగారూ, ఇరవై రెండు లక్షలేనంట. మార్కెట్ పడిపోయిందండీ."

"మొదటివాడు ఇరవై ఆరన్నాడు, రెండోవాడు ఇరవై నాలుగన్నాడు. మెట్లు దిగినట్టు దిగుతున్నారేంటయ్యా?"

"వంటింట్లో చెమ్మ చూసి జంకుతున్నారండీ."

"ఇప్పుడొచ్చినవాడు వంటింటి గడపే తొక్కలేదు. చెమ్మ సంగతి వాడికెవరు చెప్పారు?"

"మీ కోసం ఎండలో తిరుగుతుంటే నా మీదే అనుమానమా!"

"మా ఆయన ముప్పై ఏళ్ళు మామిడికాయలు అమ్మాడు. షావుకార్లు కూడబలుక్కుని, ముగ్గురు వరసగా వచ్చి ధర దించేవాళ్ళు. రైతు గుండె జారాక నాలుగోవాడొచ్చి, కాస్త పెంచి, దేవుడిలా కొనుక్కుపోయేవాడు."

"కాయకీ ఇంటికీ పోలికేంటండీ?"

"కాయైతే నాలుగు రోజుల్లో మెత్తబడుద్ది. ఇల్లు మెత్తబడదు, నేనూ మెత్తబడను. నా పత్రాల జిరాక్సులు ఇటివ్వు."

అతను కాగితాలు అరుగు మీదికి విసిరాడు.

"ఒంటరి ఆడమనిషి ఎలా అమ్ముతారో నేనూ చూస్తా."

"చూద్దువుగాని. వెళ్తూ వెళ్తూ, సందు చివర ఆటోలో కూర్చోబెట్టిన ఆ నాలుగోవాణ్ణి కూడా తీసుకుపో. పొద్దుట్నించీ ఎండలో మాడుతున్నాడు."

— వీరరాఘవమ్మ, అరవై ఆరేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది నూజివీడు.