నర్సమ్మ లేని ఊరు

“అవ్వా, ఈ సబ్‌సెంటరులో నాకంటే ముందు నర్సెవరూ లేరా?”

ఎందుకు లేదమ్మా, ఉండె. కూర్చో, ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగుతా విను. మంచి మనిషి. మా మనవరాలి కాన్పప్పుడు... కాదు కాదు, చిన్న కోడలి కాన్పప్పుడు ఆమెనే దగ్గరుండి చూసుకున్నాది. తర్వాత ట్రాన్స్‌ఫర్ అయి పోయింది. నువ్వొచ్చేదాకా ఇంకొకామె రాలా. ఈ నాలుగు కొంపలకు ఒక నర్సమ్మ జీతం దండగ అన్నారంట పైన. మేమూ గట్టిగా అడగలేదులే. రోగమొస్తే ఆటోలో గిద్దలూరు పోతాంటిమి. మా నాయన కాలంలో ఆటోలు యాడివి, నడిచే పోతాండ్రి.

ఆనక కరోనా వచ్చె. మా ఆయన గొర్రెలు కాసే మనిషి గదా. మందలో ఏ గొర్రెకు నలతగుండాదో దూరం నుంచే చెప్తాండె. ఆయనకు మాత్రం ఏ నలతా పైకి కనపడలా. జ్వరమొచ్చి తగ్గింది. కూడు తిన్నాడు, నాతో పరాచికాలాడినాడు. నేను దిగులుగా చూస్తాంటే “ఏందే, అప్పుడే నన్ను సాగనంపుతావా” అని నవ్వినాడు. తెల్లారి లేచి నిలబడబోయి కూలబడినాడు. ఆటోలన్నీ బందు. 108 వచ్చేసరికి... ఆ, వచ్చిందిలే. వచ్చి ఏం లాభం.

మా చెల్లెల్ని రాచర్ల పక్క ఊరికిచ్చినాం. ఆమె మొగుడికీ అప్పుడే అదే జ్వరం. ఆయనా ఇట్లనే నవ్వుతాండె. వాళ్ల నర్సమ్మ ఇంటింటికీ తిరిగి వేలికి క్లిప్పు పెట్టి చూస్తాండె. చూసి, “నీకు లోపల గాలి చాలట్లేదు, లే” అని కసిరి, బండెక్కించి ఒంగోలు పంపింది. బతికినాడు.

కొన్నాళ్లకు చెల్లెలింటికి పోయినా. మరిది మంచం మీద కూర్చోని, టీలో చక్కెర తక్కువైందని చెల్లెలితో పోట్లాడుతాండాడు. నేను సంతోషపడాల గదా? కడుపు మండింది తల్లీ. తోడబుట్టినదాని మీద! ఇంటికొచ్చి ఏడ్చినా. దాని తప్పేముండాది పాపం.

దేవుడు రాసినాడంటారు అందరూ. దేవుడు ఆ ఊరికొక తీరు, ఈ ఊరికొక తీరు రాస్తాడా? ఆడ నర్సమ్మ ఉండాది, ఈడ లేదు. అంతే. దండగని మిగిలించిన జీతం ఏం చేసుకున్నారో మరి.

నువ్వూ మార్కాపురానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నావంట గదా, ఆటో అబ్బాయి చెప్పినాడు. తప్పేం లేదమ్మా. నీకు చంటిబిడ్డ ఉండాది, మొగుడు ఆడ ఉండాడు. ఉండిపొమ్మని నేనడగను. నీ బిడ్డ సల్లగుండాల, మీరంతా నూరేళ్లు బతకాల.

ఇంకొకామె వచ్చి ఈడ కూర్చున్నాకనే పో తల్లీ. అంతే నేనడిగేది.