పక్కచూపు పరీక్ష

డిగ్రీ విద్యార్థుల పరిశోధన సదస్సు జరుగుతున్న హాలు పక్కన, విరిగిన కుర్చీలు పేర్చిపెట్టిన చిన్న గది. లోపల గడియ పెట్టుకుని ఆమె. తలుపు అవతల, డ్యూటీకి సెలవు పెట్టి వచ్చిన బస్సు డ్రైవరు, ఆమె తండ్రి.

"తలుపు తియ్యమ్మా."

"నేను మాట్లాడను నాన్నా. జ్వరమని చెప్పెయ్యి వాళ్లకి."

"జ్వరమా? పొద్దున అద్దం ముందు నిలబడి గడగడా అప్పజెప్పావే!"

"అది అద్దం. ఇక్కడ మనుషులున్నారు."

"సగం మంది నీలాంటి పిల్లలే కదే. ఇందాక ఒకడు మైకు ముందు నోరెండిపోయి నిలబడ్డాడు. ఏమైంది? చప్పట్లు కొట్టారు. నిన్ను రెండుసార్లు పిలిచారు, తియ్యి."

"ముందు వరసలో మీ డిపో డాక్టరు కూర్చున్నాడు."

"కూర్చోనీ. డ్రైవర్ల చూపు మీద నువ్వేం కనిపెట్టావో విందామనేగా వచ్చాడు."

"అందుకే... అందుకే భయం."

"ఆయనేమన్నా పులా?"

"నాన్నా, నువ్వు ఇంటికెళ్లిపో. నువ్వుంటే నాకు నోరు పెగలదు."

"నేనేం చేశానే?"

"ఏం చెయ్యలేదు. వెళ్లు, నీ కాళ్లు పట్టుకుంటా."

"ఏడుస్తున్నావా? ఏయ్, ముందు గడియ తియ్యి. తియ్యి... హమ్మయ్య."

"నాన్నా, ఒకటడుగుతా. ఈ మధ్య బండి నడిపేటప్పుడు, ఎడమ పక్క నుంచి ఏదైనా ఉన్నట్టుండి వచ్చి మీద పడ్డట్టు అనిపించిందా?"

"లేదే."

"సరిగ్గా ఆలోచించు."

"లేదంటున్నానా! నా చూపు గొడవ ఇప్పుడెందుకు?"

"మీ డిపోలో పరీక్ష పెట్టాంగా. ఎదురుగా చూస్తూ కూర్చోవాలి, పక్కన దీపం వెలిగితే బటన్ నొక్కాలి. అందరూ బాగానే నొక్కారు. ఒక్కరికి... ఒక్కరికి ఎడమ పక్క వెలిగినవేవీ కనిపించలేదు. కనిపించట్లేదని ఆయనకీ తెలీదు. నొప్పుండదు, చూపు మెల్లగా పోతుంది."

"అయ్యయ్యో. ఎవరికి?"

"పేర్లు రాయలేదు. నంబర్లే."

"మరింకేం? పేరే లేనప్పుడు భయమెందుకు?"

"ఇది వినగానే మీ డాక్టరు అందర్నీ మళ్లీ పరీక్షిస్తాడు. దొరికినాయన్ని ఆ క్షణమే బండి దింపేస్తాడు. పోనీ దాచేద్దామంటే... రోడ్డు మీద జనం, స్కూలు పిల్లలు... కళ్లు మూసుకుంటే వాళ్లే కనిపిస్తున్నారు నాన్నా!"

"ఏ నంబరు?"

"వద్దు."

"చెప్పమంటున్నానా!"

"ఒకటి. అందరికంటే ముందు నువ్వే కూర్చున్నావని ఇంటికొచ్చి చెప్పావు కదా. అది నువ్వే నాన్నా."

"నేనా?"

"సొంతవాళ్లని మనమే పరీక్షించకూడదని ఆ రోజు నేను రాలేదు. నాతో కలిసి ఈ పరిశోధన చేస్తున్న మా పొట్టిదే చేసింది. మిషన్ తప్పేమోనని అడిగా. రెండోసారీ చేయించిందట, అంతే వచ్చిందట. తిట్టు, పోనీ."

"ఆ పిల్ల అంతకుముందు నన్నెప్పుడైనా చూసిందా?"

"లేదు. ఎందుకు?"

"ఒకటో నంబరు అనగానే లేచెళ్లి కూర్చున్నది నేను కాదమ్మా."

"అంటే?"

"చీకటి పడితే నాకు కాస్త మసకగా ఉంటోంది. భయమేసింది. కూతురి ముందు పరువు పోతుందని, మా డిపోలోనే బస్సు నడిపే మన మీసాల బాబాయిని బతిమాలాను. వాడికి ఆ రోజు సెలవు, పరీక్ష జాబితాలో లేడు. 'నావి డేగ కళ్లురా, నీ బదులు నేను కూర్చుంటా' అన్నాడు. ఇంటికొచ్చి నీకు అబద్ధం చెప్పా."

"ఆ కళ్లు నీవి కావా? నాన్నా, నీవి కావా?"

"కావు."

"అమ్మయ్యా! పాపం బాబాయే, కానీ... నాకిప్పుడు ఊపిరాడుతోంది నాన్నా. నేనే మెల్లగా చెబుతా ఆయనకి. వైద్యం ఉంది, ఇంకా పోకుండా ఆపొచ్చు. అదేంటి, నీ మొహం అలా పాలిపోయింది? బాబాయి ఎక్కడున్నాడిప్పుడు?"

"నీ ప్రసంగం వింటామని గోల పెడితే, మీ అమ్మనీ తమ్ముణ్ణీ తన కార్లో ఎక్కించుకుని ఇక్కడికే బయల్దేరాడు. స్టీరింగ్ పట్టుకుంటే వాడు ఫోన్ ఎత్తడు, మీ అమ్మకి చెయ్యి!"