విడిచిన సగం

బల్మూరు అడవిలో తేనె కోసం చరియ దిగేవాడి తాడు బావమరిదే పట్టాలి. తోబుట్టువును విధవను చేసుకోడని చెంచుల నమ్మకం. పైన ఉపేందర్ తాడు పట్టుకున్నాడు. కింద పెంటకు, అంటే వాళ్ల చెంచు గూడేనికి, పెద్ద అయిన ఓబయ్య వేలాడుతున్నాడు.

“బావా, సగం తేనెపట్టు ఇడ్సిపెట్టినవేంది?”

“అండ్ల పిల్లలున్నయి. అది కోస్తె ఈగ మల్ల రాదు. ఈగ రాకుంటె పూత కాయ గాదు, అడివే పోతది.”

“నువ్విడిస్తె ఇంకోడు కోస్కపోతడు!”

“పెద్దోన్ని నేనే కోస్తె పెంటంత కోస్తది.”

“అయితె తాడు గుంజను. ఆడ్నే ఉండు,” నవ్వాడు ఉపేందర్.

“ఉంట. మీ అక్కకు నువ్వే చెప్పుకో. ఆమెకిప్పుడు మూడో నెల.”

“నాకెవ్వలు చెప్పలే!”

“చెప్తున్న గద. పుట్టెటోడు గూడ రేపు ఈ చరియే దిగుతడు. ఆనికి తేనె ఉండొద్దా?”

ఉపేందర్ మెల్లగా తాడు గుంజసాగాడు, కింద ముగ్గురు వేలాడుతున్నంత భద్రంగా.