గడప కాడ ఇటుక

నంద్యాల, 1979. అమ్మ మోకాళ్ల నొప్పులతో లేవలేకపోతోందని నందికొట్కూరు పోయిన లూదియా, నెల తర్వాత ఇంట్లో అడుగు పెడుతూనే పిల్లిని వెతికింది. మొగుడు సుందరరాజు మంచం మీద నుంచి కదల్లేదు.

"చుక్కి యాడప్పా?"

"మీయమ్మకెట్లుంది?"

"లేచి కూసుంటాంది. చుక్కి యాడ?"

"ముందు కాళ్లు కడుక్కో పో."

"అడిగిందానికి చెప్పు."

"ఇడ్సిపెట్టొచ్చినా. గోనెసంచిలో ఏసుకోనిపోయి, ఆళ్లగడ్డ సంత కాడ."

"ముసలిదాన్నా?"

"ఏం చేయమంటావు మే? బియ్యం డబ్బా పక్కనే దొడ్డికి పోయి పాడు చేస్తాండె. ఎలకలు ముందరే తిరుగుతాంటే చూస్తా పండుకుంటాండె. ఎత్తుకుంటే చెయ్యి కొరికె."

"యాడ పట్టుకోని ఎత్తినావు?"

"నడుము కాడ."

"నొప్పప్పా దానికి. అమ్మను చూసినాకనే నాకు తెలిసె. పొద్దున్నే అమ్మ కాళ్లు బిగుసుకుంటాయి, ఎండలో కూసుంటే గానీ కదలవు. చుక్కీ అంతే కదా. అటక ఎక్కేది మానేసె, ఈపు నాక్కునేది మానేసె. బద్దకం అనుకుంటిమి. కీళ్లు పోయిండాయి దానికి."

"నాకెట్ల తెలుస్తది? అర్సలే, మూలగలే."

"పిల్లి యాడ చెప్తది. సంచి ఇప్పితే పరిగెత్తిందా?"

"లే. ఆడనే కూసునె. నేను బస్సెక్కేదాకా నా దిక్కే చూస్తాండె."

"లెయ్. ఆళ్లగడ్డకు పోదాం పా."

"మొన్న పోయొచ్చినా. సంతంతా తిరిగినా. లేదు."

"ఇడ్సినోడివి మళ్లా ఎందుకు పోతివి?"

"ఎలకల కోసం... ఎలకలు కాదులే. ఇంట్లో ఉండబుద్ధి కాలే."

"గడప కాడ ఇటుక ఏదప్పా?"

"ఏం ఇటుక?"

"బయటికి పోను కష్టపడతాంటే, దానికి మెట్టుగా ఉంటదని నేను పెట్టిపోయిన ఇటుక."

"అదా. కాలికి తగులుతాంటే, నువ్వు పోయిన మర్నాడే తీసి పారేసినా."

"ఎప్పటి నుంచి ఇంట్లో పాడు చేస్తాండె?"

"అప్పటి... అప్పటి నుంచే."

"దేవా."

"ఏడ్సగాకు లూదియా. ఆ యేడు మహానందిలో ఇడ్సిపెడితే వారానికి రాలే? ఇప్పుడూ వస్తది. ఇటుక మళ్లా పెడతా. తలుపు తీసే పెడతా."

"ఇటుక లేకుంటే మనింటి గడపే దాటలేకపాయె. ఆళ్లగడ్డ నుంచి యాడ నడిచొస్తదప్పా."