గాలానికి సీసపు తల

బుకిట్ బటోక్‌లోని గాలాల దుకాణంలో కాబోయే అల్లుడు రాహుల్ ఏరిన జిగ్ హెడ్‌ను, కొక్కేనికి పోసిన ఆ సీసపు తలను, జగన్నాథం రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

“గుండ్రంటిదా? రిజర్వాయర్ అంచంతా నాచే కదయ్యా! బాస్ చేప కాదు, బుట్టెడు నాచు పడుతుంది.”

“దానిమీద వేసిన కళ్లు బాగున్నాయని తీశానండీ అంకుల్.”

“చేపకి పెళ్లిచూపులా? సైన్స్ పార్క్‌లో ఇదేనా మీ రీసెర్చ్? కోసుగా ఉన్నది తియ్యి. నాచు పట్టకుండా కొక్కేనికి అడ్డంగా కుచ్చు ఉండాలి. అయినా నీకెందుకు లా ఇవన్నీ?” అన్నాడు, ఆ ఊరివాళ్లలా మాటకి ‘లా’ తగిలించి.

“నాక్కాదండీ. శాంతినికి.”

“దానికా? గాలం విసరడమే చేతకాదు.”

“చిన్నప్పుడు ఇదే షాపులో, అందరి ముందూ అదే మాటన్నారట. ఆదివారం మీతో వస్తానంటోంది. లోపలికి మాత్రం రానంది.”

జగన్నాథం దుకాణం అద్దంలోంచి బయటికి చూశాడు. కూతురు రోడ్డువైపు తిరిగి నిలబడి ఉంది. ఆయన వెళ్లి తలుపు తెరిచాడు.

“రామ్మా. ఏది కావాలో నువ్వే ఏరుకో. నేనేమీ అననులే.”

“ప్రామిస్ ఆ, నాన్నా?”

“ప్రామిస్.”

శాంతిని లోపలికి వచ్చి, ఉన్నవాటిలోకెల్లా లావుపాటి, గుండ్రంటి గులాబీరంగుది తీసింది. జగన్నాథానికి మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.